నూకాలు కోసం లండన్ ఈస్ట్ ఎండ్‌లో

సోమవారం, షోర్‌డిచ్

నేను రాస్తున్న నవలలో నూకాలు కాకినాడ పిల్ల. చిన్నప్పుడే తల్లితో మద్రాసు చేరింది. అక్కడ ఒక దొర ఇంట్లో ఆయాగా కుదిరి, పిల్లల్ని ఎత్తుకుని వాళ్లతో పాటే ఓడెక్కి లండన్ వచ్చింది. ఓడ దిగాక దొరసానికి ఆమెతో పని తీరిపోయింది. తిరుగు టికెట్ ఎవరూ కొనివ్వలేదు. నూకాలు కల్పనే గానీ ఆమె పరిస్థితి కల్పన కాదు. విక్టోరియా రాణి కాలంలో ఇలా లండన్‌లో వదిలేసిన ఆయాలు నిజంగానే ఉన్నారు. 1890ల్లో అలాంటి మనిషి చేతిలో చిల్లర డబ్బులతో ఏ గదిలో పడుకుంటుంది, ఏ పని చేస్తుంది? ఆ చోట్లు ఒకసారి కళ్లతో చూసి రాద్దామని వచ్చాను. ఈస్ట్ హామ్‌లో మా అక్క కొడుకు ఉన్నాడు. వాడింట్లో దిగాను.

మొదట ఓల్డ్ నికల్‌కి వెళ్లాం. అంటే, ఒకప్పుడు ఓల్డ్ నికల్ ఉన్న చోటికి. షోర్‌డిచ్ హై స్ట్రీట్ స్టేషన్‌లో దిగి కాసేపు నడిస్తే వస్తుంది. 1880ల్లో లండన్‌లో అతి హీనమైన బస్తీ అని పేరు పడ్డది ఇదే. దాదాపు 5,700 మంది ఉండేవాళ్లు. లండన్ మొత్తం మీద ఏడాదికి వెయ్యికి 20 మంది చనిపోతుంటే, ఇక్కడ 40 మంది. చాలా ఇళ్లకు పునాదుల్లేవు. సబ్బు తయారీలో మిగిలిన వ్యర్థాన్ని సున్నంలా వాడి గోడలు లేపారు. ఆ గోడలు ఎప్పటికీ ఆరేవి కావు. ఇంటి యజమానుల్లో స్థానిక పాలకమండలి సభ్యులు, ప్రభువులు, చర్చి వాళ్లు కూడా ఉన్నారు. బస్తీని బాగుచేయాల్సిన వాళ్లే అద్దెలు తింటుంటే బాగుచేసేదెవరు?

నూకాలుకి నేను పెట్టిన పని అగ్గిపెట్టెలు అతకడం. ఈ పేటల్లో తల్లులు, పిల్లలు కలిసి గదిలోనే చేసిన పని అది. ఒక గ్రోసుకి, అంటే 144 పెట్టెలకి, రెండుంపావు పెన్నీలు ఇచ్చేవాళ్లు. జిగురుకి పిండి, కట్టడానికి దారం కూలివాళ్లే కొనుక్కోవాలి. అతికిన పెట్టెలు ఆరబెట్టడానికి నేలంతా కావాలి, ఆ నేల మీదే పడుకోవాలి.

ఇప్పుడు అక్కడ ఏముందంటే, మధ్యలో గుండ్రని మట్టి దిబ్బ, దాని మీద బ్యాండు వాయించే మండపం, చుట్టూ చెట్లు. దిబ్బ నుంచి ఏడు వీధులు విచ్చుకుంటాయి. వాటి వెంట ఎర్ర ఇటుకల పెద్ద పెద్ద భవనాలు. లండన్ కౌంటీ కౌన్సిల్ బస్తీని పడగొట్టి కట్టిన బౌండరీ ఎస్టేట్ ఇది. 1900లో యువరాజు వచ్చి ప్రారంభించాడు. ప్రభుత్వం పేదల కోసం ఇళ్లు కట్టడం ఇంగ్లండ్‌లో ఇక్కడి నుంచే ఊపందుకుంది. దిబ్బ దేనితో పోశారో తెలుసా? కూల్చిన ఓల్డ్ నికల్ ఇళ్ల శిథిలాలతో. దానికి పేరు మాత్రం ఆర్నాల్డ్ సర్కస్, కౌన్సిల్‌లో ఒక పెద్దమనిషి పేరు. సర్కస్ అంటే ఇక్కడ గుండ్రని కూడలి.

ఆ కొత్త ఇళ్లలోకి పాత బస్తీ జనం ఎంతమంది వచ్చారంటే పదకొండు మంది. అద్దె అందదు, నియమాలు కుదరవు, పైగా కట్టడం పూర్తయ్యేదాకా ఎక్కడో ఒక చోట ఉండాలి కదా. మిగతావాళ్లంతా పక్క వీధుల్లోకి, అప్పటికే కిక్కిరిసిన గదుల్లోకి సర్దుకున్నారు. కొత్త ఇళ్లు గుమాస్తాలకి, నర్సులకి, కాస్త నికరమైన జీతమున్న పనివాళ్లకి దక్కాయి.

"పిన్నీ, ఇప్పుడు ఇక్కడ ఒక్క బెడ్‌రూమ్ ఫ్లాట్ తీసుకుంటే నా జీతంలో సగం పైనే పోతుంది" అన్నాడు వాడు. సాఫ్ట్‌వేర్ వాడికే అందని పేట అన్నమాట.

మంగళవారం, బో

బో పేటలో ఫెయిర్‌ఫీల్డ్ రోడ్ మీద ఎర్ర ఇటుకల కోటలాంటి భవనం ఉంది. ఇప్పుడు గేటు, సెక్యూరిటీ ఉన్న ఖరీదైన అపార్ట్‌మెంట్లు. ఒకప్పుడు బ్రయంట్ అండ్ మే అగ్గిపుల్లల ఫ్యాక్టరీ. గోడ మీద గుండ్రటి నీలం ఫలకం. 1888 సమ్మెను గుర్తు చేస్తూ 2022లో పెట్టారు. నూట ముప్పై నాలుగేళ్లు పట్టింది.

ఆ సమ్మె కథ మనవాళ్లకు ఇంకో దారిలో తెలిసి ఉండాలి, ఎందుకంటే అందులో అనీ బిసెంట్ ఉంది. మన మదనపల్లెలో దివ్యజ్ఞాన కళాశాల పెట్టిన బిసెంటే. 1919లో ఠాగూరు అక్కడ ఉండగానే జనగణమనకు ఇంగ్లిష్ అనువాదం రాశాడు. రాయలసీమలో మూడు తరాలకి ఆమె తెల్లచీర కట్టుకున్న పెద్దావిడ. లండన్‌లో మాత్రం ఆమె అప్పటికి దైవాన్ని నమ్మని సోషలిస్టు, చేతిలో ఒక చిన్న పత్రిక. 1888 జూన్ 23న ఈ ఫ్యాక్టరీ గురించి ఆ పత్రికలో ఒక వ్యాసం రాసింది. పదహారేళ్ల అమ్మాయికి వారానికి నాలుగు షిల్లింగులు, షిల్లింగు అంటే పన్నెండు పెన్నీలు. కాళ్లు మురికిగా ఉంటే మూడు పెన్నీల జరిమానా, కాలిన పుల్లలు బల్ల మీద పెడితే ఒక షిల్లింగు. వాటాదారులకు ఆ ఏడు 23 శాతం డివిడెండ్. ఇదంతా ఆమె లెక్కలతో సహా అచ్చు వేసింది.

జరిమానాలు ఒక ఎత్తు, తెల్ల భాస్వరం ఒక ఎత్తు. పుల్లల మందులో కలిపే ఆ పదార్థం ఆవిరై పుచ్చు పళ్లలోంచి దవడ ఎముకలోకి దిగేది. పళ్లు ఊడేవి, ఎముక కుళ్లేది, దవడ తీసేయాల్సి వచ్చేది. ఎర్ర భాస్వరం వాడితే ఈ బాధ లేదని అందరికీ తెలుసు. తెల్లది చౌక, ఎక్కడ గీసినా వెలుగుతుంది, కొనేవాళ్లకు అదే కావాలి. సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవాసంస్థ 1891లో ఎర్ర భాస్వరంతో సొంత ఫ్యాక్టరీ పెట్టి చూపించింది. తెల్ల భాస్వరం మీద నిషేధం మాత్రం 1910 దాకా అమల్లోకి రాలేదు.

సమ్మె గురించి మామూలుగా చెప్పే కథలో బిసెంట్ నాయకురాలు, అమ్మాయిలు వెనక నడిచినవాళ్లు. జరిగింది అది కాదు. వ్యాసం రాగానే యాజమాన్యం 'ఇదంతా అబద్ధం, మేం సంతోషంగా ఉన్నాం' అని ఒక కాగితం మీద సంతకాలు పెట్టమంది. అమ్మాయిలు పెట్టలేదు. ఒకరిని పనిలోంచి తీసేశారు. దాంతో జూలై మొదటి వారంలో దాదాపు 1,400 మంది పని ఆపి బయటికి వచ్చేశారు. బిసెంట్ మనసులో ఉన్నది సమ్మె కాదు, ఆ అగ్గిపెట్టెలు కొనకుండా జనాన్ని ఆపడం. ఆ తర్వాత ఆమె డబ్బు పోగుచేసింది, పార్లమెంటు దాకా తీసుకెళ్లింది, అందులో సందేహం లేదు. అయితే ముందు కదిలింది వాళ్లు. రెండు వారాలు తిరగకుండానే జరిమానాలు రద్దయ్యాయి, ఆ నెలలోనే మహిళల సంఘం ఏర్పడింది. మరుసటి ఏడు రేవు కూలీలకి ధైర్యం వచ్చింది కూడా వీళ్లని చూసే అని చాలామంది చెబుతారు.

నవల మొదటి రాతలో నూకాలుని బిసెంట్ ఒకసారి కలుస్తుంది. రాసేటప్పుడు ఆ అధ్యాయం నాకు భలే నచ్చింది, మదనపల్లె దాకా గీత గీసినట్టు ఉంటుందని. ఆ గేటు ముందు నిలబడ్డాక కొట్టేయాలనిపించింది. మరీ అమరినట్టు ఉంది.

బో చర్చి ముందు రోడ్డు మధ్యలో అప్పటి ప్రధాని గ్లాడ్‌స్టన్ విగ్రహం ఉంది. 1882లో అగ్గిపుల్లల కంపెనీ కుటుంబంలో ఒకాయన పెట్టించాడు. దీని కోసం తమ కూలీలోంచి ఒక షిల్లింగు కోశారని పనివాళ్ల మధ్య ఒక కథ నడిచింది. ఇప్పటికీ ఎవరో ఒకరు దాని చేతులకి ఎర్ర రంగు పూస్తుంటారు. మేం చూసినప్పుడూ చేతులు ఎర్రగానే ఉన్నాయి.

మధ్యాహ్నం వాడికి ఈస్ట్ ఎండ్ తిండి తినిపిద్దామని ఒక పాత హోటల్‌కి తీసుకెళ్లాను. పేదవాళ్ల చవక మాంసం అంటే ఒకప్పుడు ఇక్కడ థేమ్స్ మలుగు చేపలు. ఉడికించి చల్లార్చితే చుట్టూ జెల్లీలా గడ్డకడుతుంది. "నాకు ఉప్మా అయినా ఓకే పిన్నీ" అన్నాడు. ఉప్మాని ద్వేషించే మనిషి.

బుధవారం, మైల్ ఎండ్, రేవులు

వాన. రీజెంట్స్ కాలువ ఒడ్డున కాపర్‌ఫీల్డ్ రోడ్డులో పాత గోదాములు మూడు. అనాథ పిల్లల్ని చేరదీసిన డాక్టర్ బర్నార్డో 1877లో ఇక్కడ ఉచిత బడి పెట్టాడు, చదువుతో పాటు తిండి కూడా. ఇప్పుడది మ్యూజియం. చెక్క బెంచీలు, పలకలు, టీచరు వేషంలో ఒకావిడ వచ్చి గోళ్లు చూపించమంటుంది.

బర్నార్డో విరాళాల కోసం ఫోటోలు అమ్మేవాడు. ఒకదాంట్లో చింకి బట్టల పిల్లవాడు, ఇంకోదాంట్లో అదే పిల్లవాడు శుభ్రంగా పనిముట్లు పట్టుకుని. చింకి బట్టలు కొన్ని ఫోటో కోసం తొడిగినవేనని, చింపినవేనని గొడవ లేచి 1877లో మధ్యవర్తుల ముందుకు వెళ్లింది. వాళ్లు పెద్ద ఆరోపణల నుంచి ఆయన్ని వదిలేశారు కానీ ఆ ఫోటోల్ని కళాత్మక కల్పన అని తప్పుపట్టారు. చారిత్రక నవల రాసేవాళ్లు ఈ కేసు ఒకసారి చదవాలి. పేదరికాన్ని చూపించాలంటే బట్టలు ఇంకాస్త చింపాలనే చపలత్వం మనకూ ఉంటుంది. నూకాలు గదిలో ఎలుక ఉంది, కారే కప్పు ఉంది, దగ్గే ముసలామె ఉంది. మూడూ ఒకే పేజీలో అవసరమా?

సాయంత్రం వాడి ఆఫీసు వైపు. వాడు పనిచేసే కెనరీ వార్ఫ్ అద్దాల మేడలు లేచింది వెస్ట్ ఇండియా రేవుల మీదే. పాత చక్కెర గోదాములో రేవుల మ్యూజియం ఉంది, ప్రవేశం ఉచితం. లోపల నావికుల వీధిని మసక దీపాలతో మళ్లీ కట్టారు. ఈ రేవుల్లో తెల్లారేసరికి గేటు దగ్గర వందల మంది గుమిగూడేవాళ్లు. మేస్త్రీ వచ్చి నువ్వు, నువ్వు అని కొందర్ని ఏరుకునేవాడు, అదీ కొన్ని గంటల పనికే. హైదరాబాద్‌లో పొద్దున్నే కూలీల అడ్డా చూసినవాళ్లకి ఇంకేం చెప్పక్కర్లేదు. 1889 ఆగస్టులో లక్ష మంది దాకా పని ఆపేశారు. అడిగింది గంటకి ఆరు పెన్నీలు. సమ్మె నీరసించే వేళకి ఆస్ట్రేలియా కార్మికులు, ప్రజలు పంపిన 30 వేల పౌండ్లు వచ్చి నిలబెట్టాయి. సెప్టెంబర్ మధ్యలో గెలిచారు.

గురువారం, హాక్నీ, వైట్‌చాపెల్

ఇలా వదిలేసిన ఆయాలు తలదాచుకున్న ఆయాల ఇల్లు మొదట ఆల్డ్‌గేట్ ప్రాంతంలో ఉండేది, 1900లో హాక్నీకి మారింది. కింగ్ ఎడ్వర్డ్స్ రోడ్‌లో 26వ నంబరు. మామూలు ఇల్లు, లోపల ఎవరో కాపురం ఉంటున్నారు, బయట నీలం ఫలకం. అదీ 2022లోదే. ఇక్కడ ఏడాదికి వంద మంది దాకా ఆయాలు ఉండేవాళ్లు, తిరుగు ప్రయాణంలో పిల్లల్ని చూసుకునే మనిషి కావాలని ఏ కుటుంబమైనా అడిగేదాకా ఎదురుచూస్తూ. ఓడల ప్రయాణికుల పట్టీల్లో చాలా చోట్ల వాళ్ల పేరుండదు. ఫలానా దొరసాని గారి ఆయా, అంతే.

మరి నూకాలు వర్క్‌హౌస్‌కి ఎందుకు పోలేదు అని పాఠకులు అడుగుతారు. వర్క్‌హౌస్ అంటే 1834 చట్టం కింద నడిచిన పేదల నిలయం. లోపలి బతుకు బయట అతి తక్కువ కూలివాడి బతుకు కన్నా హీనంగా ఉండాలన్నదే దాని సూత్రం, అప్పుడే ఎవరూ ఊరికే రారని. మొగుడొక చోట, పెళ్లాం ఒక చోట, పిల్లలొక చోట. పాత ఓడతాళ్లు విప్పి పీచు తీసే పని. ఈ సూత్రం మనకి కొత్త కాదు. 1877లో మద్రాసు ప్రెసిడెన్సీ కరువు పనుల్లో సర్ రిచర్డ్ టెంపుల్ మగ కూలీకి రోజుకి ఒక పౌను ధాన్యం, అంటే అర కిలో కన్నా తక్కువ, పైన ఒక అణా చాలన్నాడు. ఆ ఆలోచన కూడా ఇదే, ఎక్కువిస్తే అలవాటు పడతారని. మనవాళ్లు ధాత కరువని చెప్పుకునేది ఆ కరువునే. గోదావరి డెల్టాని కాలువలు కాపాడాయి కానీ బళ్లారి, కర్నూలు, కడప ఎండిపోయాయి. ఆకలితో మద్రాసు దాకా నడిచి వచ్చినవాళ్లని చిన్నప్పుడు చూసిన నూకాలు, లండన్‌లో వర్క్‌హౌస్ గేటు చూడగానే గుర్తుపడుతుంది. ఆ అధ్యాయం ఇక మార్చను.

రాత్రి వైట్‌చాపెల్‌లో నడుస్తుంటే ఒకదాని వెనక ఒకటి జాక్ ద రిప్పర్ టూర్లు, ఇక్కడ ఆడవాళ్లని చంపి ఎవరికీ దొరకని హంతకుడి పేరు మీద. హత్య జరిగిన చోట సెల్ఫీలు. నాకు ఒళ్లు మండింది. వాడి చేతిలో చనిపోయిన మేరీ ఆన్ నికల్స్ ఆ రాత్రి వీధిలో ఎందుకుందంటే లాడ్జింగ్ ఇంట్లో మంచానికి నాలుగు పెన్నీలు లేక. చంపినవాడు ఎవరన్నదే టూరంతా, నాలుగు పెన్నీల సంగతి ఒక గైడ్ నోట కూడా వినలేదు.

శుక్రవారం, బర్మింగ్‌హామ్

ఇక్కడి పాత పేదల ఇళ్లు ముందే టూర్ బుక్ చేసుకుంటేనే చూపిస్తారు. అయినా పేదల ఇల్లు అనేది నిజంగా మిగిలి ఉన్న చోటు ఇదే, అందుకే రైలెక్కాను. హర్స్ట్ స్ట్రీట్ మూల మీద వెన్ను వెన్ను ఆనించి కట్టిన ఇళ్లు. ఒకే గోడకి ఇటో ఇల్లు, అటో ఇల్లు. అంతస్తుకి ఒక్కటే గది, వెనక కిటికీ ఉండదు. మధ్యలో వాకిలి, అందులో అందరికీ కలిపి మరుగుదొడ్లు, బట్టలుతికే గది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఈ ఊళ్లో ఇలాంటివి 40 వేలకి పైగా ఉండేవి, 2 లక్షల మంది వాటిలో బతికారు. పాత కట్టడాల్ని కాపాడే నేషనల్ ట్రస్ట్ మిగల్చగలిగింది ఒక్క వాకిలిని. 2004 నుంచి చూపిస్తున్నారు.

మెట్లు ఎంత ఇరుకంటే పక్కకి తిరిగి ఎక్కాలి. ఒక ఇంట్లో 1870ల్లో గాజు కళ్లు చేసే కుటుంబం ఉండేది. మనుషులకి, బొమ్మలకి కూడా కళ్లు. చూసి కాసేపు కదల్లేదు. నవలల్లో పేదలు ఎప్పుడూ ఆకలితోనో తాగుడుతోనో కనిపిస్తారు, ఇంత సన్నని పనితనంతో కనిపించరు. నూకాలు పక్క గదిలో దగ్గే ముసలామె స్థానంలో ఎవరిని పెట్టాలో అక్కడే తేలిపోయింది.

శనివారం, మాంచెస్టర్

ఇక్కడ తొందరగా తిరిగాను. ఏంజెల్ మెడో ఇప్పుడు పచ్చని పార్కు, పక్కనే గాజు మేడలు. గడ్డి కింద 40 వేల మంది పేదల సమాధులున్నాయి. మట్టి తవ్వుకుపోతున్నారని 1855లో పైన బండలు పరిచారు. ఎంగెల్స్ ఈ పేటలన్నీ తిరిగి 1845లో పుస్తకం రాశాడు. ఆయన్ని ఈ వీధుల్లోకి తీసుకెళ్లింది మేరీ బర్న్స్ అనే ఐరిష్ కార్మికురాలని అంటారు. ఆయనకి విగ్రహముంది, 2017లో ఉక్రెయిన్ నుంచి తెచ్చి నిలబెట్టారు. ఆమె చేతిరాత ఒక్క ముక్క కూడా మిగల్లేదు. ఈ మిల్లుల గుడ్డే మచిలీపట్నం అద్దకాన్ని, మన మగ్గాల్ని దెబ్బతీసింది. ఆ గుడ్డ నేసినవాళ్ల బతుకు ఇలా ఉండేదని మన నేతగాళ్లకి తెలిసే అవకాశమే లేకపోయింది.

సోమవారం, లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ లైబ్రరీ

చార్లెస్ బూత్ అనే ఓడల వ్యాపారి సొంత డబ్బుతో లండన్‌లో వీధి వీధినీ లెక్కగట్టించాడు. 1886లో మొదలుపెట్టి 1903 దాకా సాగింది. మూడోవంతు దాకా జనం, కచ్చితంగా 30.7 శాతం, పేదరికంలో ఉన్నారని తేల్చాడు. మధ్య రకం కుటుంబానికి వారానికి 18 నుంచి 21 షిల్లింగులు వస్తే పేద కింద లెక్క. మ్యాపులో సంపన్నులకి పసుపు, పేదలకి లేత నీలం, మరీ పేదలకి ముదురు నీలం. అట్టడుగున నలుపు, దానికి పక్కన దుర్మార్గులు, సగం నేరస్తులు అని రాసుంది. ఓల్డ్ నికల్ వీధులు నలుపు, ముదురు నీలం. అగ్గిపెట్టెలు అతికే తల్లి కూడా ఆ రంగులోనే కలిసిపోయింది.

1898 ప్రాంతంలో బూత్ మనుషులు పోలీసుల వెంట నడుస్తూ రాసుకున్న నోటుబుక్కులు ఇక్కడే ఉన్నాయి. ఏ ఇంటి కిటికీ పగిలింది, ఏ వీధి పిల్లలకి బూట్లున్నాయి అన్నట్టు సాగుతాయి. ఇవన్నీ ఆన్‌లైన్‌లో ఉచితంగా చదువుకోవచ్చు, రావాల్సిన పని లేదు. అయినా కాగితం ముట్టుకోవాలన్న ఆశ నాది.

సాయంత్రం ఈస్ట్ హామ్‌లో కూర్చుని, బస్తీని ఖాళీ చేయించే అధ్యాయం మళ్లీ మొదలుపెట్టాను. నూకాలు మూట కట్టుకుని బెత్నల్ గ్రీన్‌లో ఇంకో గదికి పోతుంది. ఏ రోజు అన్నది తేల్చాలి. ఈస్ట్ ఎండ్‌లో మంచి బట్టలు సోమవారం తాకట్టు దుకాణానికి పోతాయి, శనివారం కూలి రాగానే ఇంటికొస్తాయి. మా అక్క కొడుకు శుక్రవారం పెట్టమన్నాడు, ఆఫీసుల్లో మనుషుల్ని తీసేసేది కూడా ఆ రోజే అట. నేను గురువారం అని రాశాను. శుక్రవారమైతే పక్కింటివాళ్లని బతిమాలి మర్నాటి దాకా ఎలాగో నెట్టుకొచ్చేస్తుంది. గురువారమైతే ఆమె ఒక్క మంచి చీరా ఇంకా దుకాణంలోనే ఉంటుంది, రసీదు మాత్రం మూటలో ఉంటుంది.